నాలుగు బైట్ల తరుగు

చిత్తూరు దాటి గుడిపాల దారిలో
గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట
తోతాపురి ట్రాక్టర్ల వరస, చివర కనపడదు.
లోపల కాటా గదిలో నేను.
ఒళ్ళో ల్యాప్‌టాప్, దాని వెలుగుకు ముసిరే పురుగులు.

కాయలేరే యంత్రం
ఉన్నట్టుండి గుటక మింగుతోంది.
రెప్పపాటే,
అంతలోనే ఒక పచ్చికాయ పండ్లలోకి దొర్లిపోతుంది.
ఎవరు ఆపారు?
కెర్నెల్ అన్నీ రాసే పెడుతుంది:
ఎవరు దిగారు, ఎవరెక్కారు, ఏ కోర్ మీద,
ఎన్నో మైక్రోసెకనులో.
చదివి చెప్పాల్సింది టూలు.

టూలు చదివింది.
సార్ట్‌బెల్ట్ అని నేను పెట్టిన పేరు
తల తెగి బెల్ట్‌గా మిగిలింది.
ఇంకో దాని పేరులో తోక ఒక్కటే.
వాటి నంబర్లు చూస్తే,
నూట ఇరవై. నూట ఇరవై. నూట ఇరవై.
ఊరందరికీ ఒకటే డోర్ నంబరు!

మొదట కెర్నెల్‌ని తిట్టాను.
పోయిన వారమే కొత్తది ఎక్కించాం కదా, అదే అబద్ధమాడుతోందని.
తర్వాత మెమరీని అనుమానించాను.
తర్వాత, చెప్పుకోడానికి సిగ్గే, కరెంటుని.

కాటా గుమాస్తా చెంగల్రాయులు
ఫ్లాస్కు మూతలో టీ పోసిచ్చి
స్క్రీన్ వైపు తొంగి చూశాడు.
"అందరికీ ఒకటే అంకె వస్తా ఉండాదా?
మాకూ వచ్చిండ్లా మేడమ్, సీజను మొదట్లో.
పేరు, తరుగు, బరువు, ధర, ఇట్లుండేది చీటీ.
ఈ యేడు తరుగు గడి ఎత్తేసినారు.
మా పిల్లోడు పాత చేతివాటంతో
మూడో గడే చూసి రాసేసినాడు బరువని.
తెల్లారి చూస్తే
రైతులంతా కూడబలుక్కోని
ఒకటే తూకం తెచ్చినట్లుండె."

టీ చల్లారిపోయింది.
కెర్నెల్ తన చీటీ నమూనా
ఒక ఫైల్లో ఎప్పుడూ తెరిచే ఉంచుతుంది.
అడిగినవాళ్ళు లేరు.
పేరు ఎనిమిదో బైటు నుంచి, అంటుంది అది.
పన్నెండు నుంచి, అంటుంది మా టూలు,
ఎవరో ఎప్పుడో రాతిమీద చెక్కినట్టు రాసిన అంకె.
మధ్యలో నాలుగు బైట్ల గడి
కొత్త కెర్నెల్లో లేదు.
నంబరుండే చోట టూలు చదివింది ప్రాధాన్యాన్ని,
ధరని బరువనుకున్న పిల్లాడిలా.

పన్నెండు కొట్టేసి ఎనిమిది వేస్తే
ఒక్క నిమిషం పని.
వెయ్యలేదు.
వచ్చే యేడు ఇంకో గడి ఎగిరిపోతుంది.
ప్రతిసారీ ముందు నమూనా అడుగు,
ఆ తర్వాతే నోరు తెరువు,
టూలుకి ఈ మర్యాద నేర్పేసరికి రెండున్నరయింది.

ఇప్పుడు అందరికీ ఎవరి పేరు వాళ్ళకుంది.
యంత్రాన్ని ఆపుతున్నదెవరో తెలిసింది,
చీటీలు అచ్చేసే ప్రింటరు.
చెంగల్రాయులు చెయ్యి మీట మీదే ఆగిపోయింది.
"నేనా?"
"మీరు కాదన్నా, ప్రింటరు."
నమ్మలేదు. ఆ రాత్రి మిగతా చీటీలన్నీ
చేత్తోనే రాశాడు.

పన్నెండు గుటకల్లో పదకొండుకి లెక్క తేలింది.
పన్నెండోది పడిన చోట
ట్రేస్‌లో ఒక్కటే వాక్యం:
నాలుగొందల పన్నెండు ఘటనలు పోయాయి.
దాన్ని ఎన్నో బైటు నుంచి చదివినా అంతే.
బఫరు పెద్దది చేసి
మళ్ళీ రాయడం మొదలుపెట్టమన్నాను.

బయట ఒక ట్రాక్టరు స్టార్టయింది,
వరస ఒక బండి మేర జరిగింది.