గోరురంగు చుక్క

గోనెపట్టా పరిచి
రెండు రివాల్వర్లూ పక్కపక్కన పెట్టాను.
కాకినాడ గాలి కిటికీలోంచి వచ్చి
రెంటినీ ఒకేలా నాకింది, ఉప్పగా.

ఎస్సై కడలి సత్యవేణి.
పోలీసు మీట్‌లో రెండేళ్ళు వరసగా పతకం.
ఇప్పుడు మెరైన్ స్టేషను, భైరవపాలెం అవతల,
మొగలో ఊగే పడవ మీద డ్యూటీ.
"ఏది పట్టుకెళ్ళమంటారు బాబాయ్?" అంది.

ఇది చూడమ్మా,
ముందు సైటు గొట్టంతోపాటే పుట్టింది,
వెనక సైటు ఒట్టి గాడి.
మర లేదు, టిక్కుమనదు, ఒరలో చిక్కుకోదు.
ఫ్యాక్టరీలో ఎవడో
ఒక తూటానీ ఒక దూరాన్నీ తలుచుకుని గీసిన గీత.
నువ్వు దానికి కుదరాలి గానీ
అది నీకు కుదరదు.

ఇదేమో రెండు మరలది.
తూటా ఎడమకి పోతోందా, వెనక సైటు కుడికి జరుపు.
కిందికి పోతోందా, పైకి లేపు.
టిక్కు. టిక్కు. చెప్పిన మాట వింటుంది.
ఎవరు చెప్పినా వింటుంది, అదే దాని జబ్బు.

మా నాన్న లాకు లస్కరు.
కాలవ తలుపు మర తిప్పడమే ఆయన బతుకు.
సార్వాకి ఇన్ని చుట్లు, దాళవాకి ఇన్ని,
ఎగువ రైతు తిట్టేదాకా, దిగువ రైతు దణ్ణం పెట్టేదాకా.
శనివారం శనివారం గ్రీజు.
తొంభయ్యారు తుఫానుకి ముందు రెండు శనివారాలు
జ్వరమొచ్చి పెట్టలేదు.
ఆ రాత్రి మర కదల్లేదు.
గెడ విరిగింది, నాన్న భుజం జారింది,
తలుపు మాత్రం ఎక్కడిదక్కడే.
మరన్నది ఏదో ఒక రోజు బిగుసుకుంటుందమ్మా, ఈ గాలిలో.

"అయితే మర లేనిదే ఇమ్మంటారా?"

ఆగు.
అదిగో ర్యాకులో పదిహేడో నంబరు.
ఓ ఇన్‌స్పెక్టరుగారు, పేరెందుకులే,
కాల్చినవన్నీ కిందికే, బొమ్మ మోకాళ్ళ దగ్గర.
ట్రిగ్గరు కుదుపుతున్నారండీ అని చెప్పాలి నేను.
చెప్పలేదు. కొత్త ఉద్యోగం.
ఆకురాయి తీసి ముందు సైటు రాశాను,
నాలుగు రాపిళ్ళు. చాల్లేదు. ఇంకో రెండు.
తూటా గుండెకెక్కింది.
ఆయన నా భుజం తట్టారు, బదిలీ అయిపోయారు.
తర్వాత దాన్నెవరు పట్టుకున్నా
గుండ్లు బొమ్మ తల మీంచి
వెనక మట్టికట్ట అంచు చెక్కేసేవి.
ఆకురాయికి తీయడమే వచ్చు, పెట్టడం రాదు.
ఇరవైయేడేళ్ళుగా ఒక మనిషి చేతి కుదుపు
నా ర్యాకులో, నూనె పట్టించి, భద్రంగా ఉంది.

సత్యవేణి ఏమీ అనలేదు.
పదిహేడో నంబరు చేతిలోకి తీసుకుని
అరిగిన సైటు మీద బొటనవేలు ఆనించి చూసింది,
పిల్లాడి ఊడిన పంటిని చూసినట్టు.
అక్కడ పెట్టేసి
రెండు మరలదాన్ని పట్టుకుని రేంజిలోకి నడిచింది.

ఆరు కాల్చింది. సన్న స్క్రూడ్రైవరు.
ఆరు. మళ్ళీ స్క్రూడ్రైవరు, ఈసారి ఒక్క టిక్కు.
తాటిచెట్ల మీది కాకులు లేచి, అలవాటు పడి, కూచున్నాయి.
ఆఖరి ఆరూ
అరచేతి కింద దాగేంత చోట పడ్డాయి.

అప్పుడు హ్యాండ్‌బ్యాగు తెరిచి
గోరురంగు సీసా తీసింది. మెరూన్.
ఒక్కో మర తల మీద ఒక్కో చుక్క.
పసిపిల్ల నోటికి పెట్టబోయే చెంచాలా
దాని మీద మెల్లగా ఊదింది.

ముప్పయ్యేళ్ళ ఆర్మరర్ని, ఈ పని నాకెప్పుడూ తోచలేదు.
తోచినా సీసా ఎవర్నడుగుతాను?

"పడవెక్కాక చెయ్యి మారితే?" అన్నాను, ఓడిపోకుండా ఉందామని.
"గోరురంగు చెరిపే మందు కూడా ఉందండీ," అని
బ్యాగులోంచి ఇంకో సీసా ఆడించి చూపించింది.
"చెయ్యే మారిందని తేలాకే గానీ.
ఆ రోజు కోపమొచ్చిందని మాత్రం కాదు."

రిజిస్టరు తెరిచాను.
నంబరు, తేదీ, తూటాలు, సంతకం.
సైటు రకం అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
కదిలేది అని సగం రాసి
చుక్క కేసి చూశాను, ఇంకా తడిగా మెరుస్తోంది.
ఆరాక రాద్దాంలే అనుకున్నాను.
కాకినాడలో, నవంబరులో,
ఏదీ తొందరగా ఆరదు.