వంగినోని సాక్ష్యం

లాలాగూడ రైల్వే గ్రౌండు. ఆదివారం పొద్దుగాల ఆరు.
క్రికెట్ పోరగాళ్లు వచ్చేలోపల
సున్నపు గీతలు మేమే గీసుకుంటం.
రెండు దిక్కులా కొసదేలిన బంతిని చూసి
చాయ్ బండి ఈరమణి ఇప్పటికీ అడుగుతది:
"కాలు తాకని ఆట ఫుట్‌బాల్ ఎట్లయితది బిడ్డా?"

నేను నడిమిట్ల వంగెటోన్ని.
కాళ్ల సందుల నుంచి బంతిని ఎనుకకిచ్చుడు,
ఇచ్చినంక ఎదురుంగ ఉన్న మనిషిని గుద్ది ఆపుడు.
గంతే నా పని.
నాలుగేండ్లాయె,
మా పాస్ ఒక్కటి గాల్ల ఎగురుడు నేను చూడలే.

అయినా ఆ ఇద్దరు నాకెర్కే.
చేతులను బట్టి.

ఇల్యాస్ చేతులకు ఆగుడు రాదు.
బంతి ఇంకా నా ఏళ్లకు ఉండంగనే గుంజుకుంటడు,
తెగిన పతంగి దారం దొరికినట్టు.
నలభై గజాలు ఇసురుతడు,
అది గూడ ఇద్దరు కాపలా ఉన్న కాడికే.
"అక్కడ సందు లేదు గదరా" అంటే
"బంతి పోయినంక సందు పుడ్తది" అంటడు.
పుట్టిన దినం మేం వాన్ని భుజాల మీద మోసినం.
పుట్టని దినాలు ఎక్కువ.

విఠల్ చేతులు పొడిగ, చల్లగ ఉంటయి.
గాంధీ దవాఖానల మత్తు డాక్టర్ పక్కన నిలబడి
చుక్కలు లెక్కపెట్టే చేతులు.
ఐదు గజాలు. మల్ల నాలుగు. మల్ల ఐదు.
ఎవ్వరూ ఖాళీ లేకుంటే బంతిని గీత అవుతలికి పారేసి
తీరుబడిగ నడుచుకుంట వస్తడు.
"పారేసింది తిరిగొస్తది. గుంజుకపోయింది రాదు."

చాయ్ బండికాడ టీం రెండు ముక్కలయ్యేది.
నిదానమే ప్రధానమని ఒకరు,
ఆలస్యం అమృతం విషమని ఇంకొకరు.
మా నాయినమ్మ నాకు రెండూ నేర్పింది,
ఏది ఎప్పుడో చెప్పకుండనే పోయింది.

గ్రౌండ్ బయట లెక్క తిరగబడ్తది, అది వేరే ముచ్చట.
ఇల్యాస్ ఆటోల స్కూలు పిల్లలుంటరు,
పచ్చ లైటు పడ్డా రెండు దిక్కులా చూసిగాని కదలడు.
విఠల్ అయితే, పిల్లను చూసిన తొమ్మిదో నాడు
రిజిస్ట్రార్ ఆఫీసుల దండలు మార్చుకున్నడు.

ఇగ ఆ ఆషాఢం ఆదివారం. బోయిన్‌పల్లోళ్లతోని ఆట.
వాన. మేం నాలుగు పాయింట్లు ఎనుక.
ఇల్యాస్ అప్పటికే మూడు బంతులు వాళ్ల చేతుల్ల పెట్టిండు.
ఆగస్టీన్ సారు, పాత గూడ్సు గార్డు,
జెండా ఊపినట్టు చెయ్యూపి వాన్ని బయటికి పిల్సిండు.
విఠల్ లోపలికొచ్చిండు.
పదకొండు సెకన్లు. ముప్పై ఎనిమిది గజాలు.
ఐదైదు గజాలతోని అందే దూరం కాదది.

వంగిన.
నా కాళ్ల సందుల నుంచి లోకం తలకిందులుగ,
బురదల ఆయన బూట్లు, పైన మబ్బు.
ఆ చేతులొచ్చి తాకినయి.
తడిగున్నయి. ఒణుకుతున్నయి.
మొదటిసారి బంతిని గుంజుకున్నయి.

గుద్దిన. పడ్డ. చెవుల నిండ బురద.
పొట్టి పాస్ అయితే "టప్" అని అప్పుడే ఇనొస్తది.
ఏం ఇనరాలే.
గ్రౌండంత ఊపిరి బిగబట్టినట్టు.
గట్లాంటి నిశ్శబ్దం నాకు ఎర్కున్నదే,
అది ఎప్పుడూ ఇల్యాస్‌దే.
ఆ పొద్దు విఠల్‌ది, ఇంకా పొడుగ్గ సాగింది,
రైలొకటి మౌలాలి దిక్కు పోయే దాకా ఉన్నట్టనిపిచ్చింది.

అటెనుక లొల్లి. వాళ్ల దిక్కు నుంచి.

లేచి చూస్తే విఠల్ కుడిచెయ్యి చూసుకుంటున్నడు,
ఎవలిదో చెయ్యి అన్నట్టు.
గీత అవుతల ఇల్యాస్ తువ్వాల పిండుకుంట
మెల్లగ అన్నడు: "నేనైతే పొట్టిదే ఇద్దును."
ఎవ్వరూ నవ్వలే.

చాయ్ కాడ మల్ల మొదలైంది,
ఇసరాల్నా వద్దా, ధైర్యమా తొందరా,
ఈరమణి గూడ ఓ మాట అన్నది.

నా చేతుల ఇచ్చేకాడనే బంతి జారింది,
ఓ ఏలెడు వంకరకు పోయింది.
ఆ సంగతి ఎవ్వరూ అడగలే.
నేనూ రెండో చాయ్ చెప్పిన.