అర కిలో

ఫోనొస్తే పోతాను.
ఎమ్మిగనూరులో రిసెప్షనైనా, పత్తికొండలో పార్టీ మీటింగైనా,
ఓర్వకల్లు రాళ్ల మధ్య హైదరాబాదు వాళ్ల పాటైనా.
ముప్పై అడుగుల జిమ్మీ జిబ్బు
ఏడు ముక్కలుగా విప్పి
టాటా ఏస్‌లో కట్టుకుని.
రోజుకి మూడున్నర వేలు. డీజిలు నాదే, ఉరుకుందు కూలీ నాదే.
డబ్బులు సోమవారం అంటారు.
ఏ సోమవారమని అడిగితే
ఇంకోసారి ఫోను రాదు.

జిబ్బు లేచేటప్పుడు అందరూ కెమెరా వైపు చూస్తారు.
నా కన్ను వెనకాల,
ఆదోని వెల్డింగు షాపులో చేయించిన ఇనుప తొట్టి మీద,
అందులోని తూకం రాళ్ల మీద.

ఆ రాళ్లు మా నాయన చేతిలోవి.
పత్తి యార్డులో ఇరవై ఆరేళ్లు కాటా వేశాడు
దూదేకుల పక్కీరప్ప.
ఎలక్ట్రానిక్ కాటాలొచ్చిన ఏడు
పాత రాళ్లను తుక్కు కింద అమ్ముతుంటే
కిలో ముప్పై లెక్కన కొన్నాను.
నాలుగు ఇరవైలు, ఒక అయిదు, ఒక అర.
నాయన వద్దన్నాడు.
"జిమ్ముల్లో గుండ్రంగా ఉంటాయే, అవి కొనుక్కోరాదా?"
వాటి ధర చెప్తే ఊరకున్నాడు.

మొదటి షూటింగు ఓర్వకల్లులో.
రాయి ముట్టుకుంటే బొబ్బలెక్కే ఎండ.
లెక్క ప్రకారం బరువులన్నీ వేశా. చెయ్యి వదిలా.
కెమెరా లేస్తోంది.
ఎవరూ ఎత్తకుండానే, నెమ్మదిగా,
బోర్లాపడ్డ పసిబిడ్డ తలెత్తినట్టు.
"క్రేనూ!" అని గొడుగు కింద నుంచి డైరెక్టరు అరుపు.
(షూటింగులో నా పేరు అదే. అట్లా పిలిస్తేనే పలుకుతాను.)
నట్లు చూశా. పిన్నులు చూశా. మట్టం చూశా.
చివరికి ఉరుకుందు
అర కిలో రాయిని తీసి నేల మీద పెట్టాడు.
నిలిచింది.

ఆ రాత్రి రేషన్ షాపు కాటా మీద
ఒక్కొక్కటే పెట్టి చూశాం.
మూడు ఇరవైలు ఇరవైలే.
నాలుగోది ఇరవైన్నర.
తిరగేస్తే అడుగున సీసం పోసిన గుంట,
దాని మీద నల్ల రంగు,
పైన మాత్రం తూనికల ఆఫీసు ముద్రలు,
ఏడాది మీద ఏడాది, తప్పకుండా.

"నాయనా, ఈ రాయి..."
అన్నం కలిపే చెయ్యి ఆగింది.
"సావుకారు ఇచ్చిన రాయప్పా అది."
"నీకు తెలీదా?"
"చేతికి తెల్సు."
మజ్జిగ పోసుకున్నాడు.
ఆ మాట మళ్లీ మా ఇంట్లో రాలేదు.

నా సినిమా అదే.
అరవై పేజీల నోటుబుక్కు, మూడో రాత.
కర్నూలు లాడ్జిలో ఒక ప్రొడ్యూసరు సగం విని
"ఫైటు యాడొస్తది?" అన్నాడు.
ఇంకొకాయన ఫోన్లోనే, "క్రేనోడివి గదా,
టాప్ యాంగిల్స్ అదిరిపోవాల."
నా స్క్రిప్టులో ఒక్క క్రేన్ షాటూ లేదని
ఆయనకు చెప్పలేదు.
కెమెరా నేల మీద కూర్చున్న మనిషి ఎత్తులో ఉంటుంది.
కోసిగి నుంచి బండి తోలుకొచ్చిన రైతు
తట్టలోకి చూస్తుంటాడు, పత్తిని.
చెయ్యి రాయినెత్తుతుంది.
పళ్లెంలో పెట్టేలోపు
ఒక్క పిసరంత ఆగుతుంది.

ఆ ఆగడం ఎట్లా తీయాలో
నాకింకా తెలీదు.
ఒకసారి నాయన చేతుల్ని ఫోన్లో తీయబోతే
తువ్వాల కింద దాచుకున్నాడు.

రేపు ఆలూరులో ఓణీల ఫంక్షను.
తెల్లారి నాలుగింటికి బండి నింపుతాం.
రాళ్లన్నీ ఉరుకుందు ఎక్కిస్తాడు.
ఆ ఒక్కటి మాత్రం,
అరవై ఏడేళ్లు, మోకాలు నొప్పి,
నాయనే వచ్చి ఎత్తుతాడు.
నేను ఫోను బయటికి తీయను.
టార్చిలైటు పట్టుకుని నిలబడి
ఎంతసేపు ఆగుతాడో
లోపల లెక్కపెట్టుకుంటా.