ఉడుము వీపున జిప్పు

నాకు మొదట కనపడింది జిప్పు.
టాకీసు టాకీసంతా ఉడుము కోరలు చూస్తాంటే
నేను దాని వీపున కుట్టు చూస్తాండినా.
దర్జీ కండ్లు, ఏం చేస్తాం.

ఆదోనిలో ఆ ఎండాకాలం
పత్తి యార్డు గోడకు పోస్టరు పడింది.
అంతకుముందు ఉడుము ఒక్కటే వచ్చింది, వారం ఆడింది.
తర్వాత మంచుకొండ ఎలుగు, పది దినాలు.
ఇప్పుడు రెండూ ఒకే టికెట్టుకు.
జిన్నింగు మిల్లు హమాలీలు రెండు జట్లయి
బోరా ఎత్తేకాడ కూడా ఒకరికొకరు చెయ్యి కలపలేదు.
మా మద్దిలేటి ఎలుగు జట్టు,
డజను గోలీసోడాలు పందెం కాసినాడు.
నేను ఎవరి జట్టూ కాదు,
రెండు జట్లోళ్లూ లుంగీలకు అంచు కుట్టించుకునేది నా కాడనే.

చెప్పాలంటే ఇంటర్వెల్ దాకా అవి ఎదురుపడనే లేదు.
టైలు కట్టుకున్నోళ్లు బల్ల చుట్టూ కూసోని
మాట్లాడినారు, మాట్లాడినారు,
నోర్లు మూసినంక కూడా తెలుగు గొంతులు మాట్లాడతానే ఉన్నాయి.
"మున్సిపాలిటీ మీటింగుకా మేము దుడ్లిచ్చింది?"
నేలటికెట్టు నుంచి ఎవరో అరిచినారు.
పైన కేబిన్లో ఆపరేటర్ కౌలుట్లయ్య
ఆ అరుపు విని ఒక రీలు మింగేసినాడని ఇప్పటికీ మా అనుమానం.
ఆపీసులో ఉన్న శాస్త్రవేత్త
తలుపు తీసి నేరుగా ఓడ మీదికి అడుగుపెట్టినాడు మరి.

సముద్రం ఉడుముకు మోకాళ్ల లోతు.
ఎగిరిన నీటిబొట్టు ఒక్కొక్కటి పడవంత.
ఆడ పట్టుబడిపోయింది, అది సముద్రం కాదు తొట్టి అని.
అన్నింటినీ చిన్నగ చేయొచ్చు గాని
నీళ్లు మాట వినవు.
పట్నం అట్టముక్కలది. వేయి కిటికీలుండాయి,
ఒక్క కిటికీకీ ఆరేసిన చొక్కా లేదు.
కూలిపోతాంటే మాకు ఏడుపు రాలేదు, ఈలలొచ్చినాయి.
ఇంగ చివర్లో, ఓడిపోయే ఎలుగుకు
ఉన్నట్టుండి వాన పడి బలమొచ్చింది.
ముందర ఒక్క మబ్బన్నా చూపియ్యాల గదా.
వాన ఊరికే వస్తాదంటే
ఆదోనోళ్లు నమ్ముతారా?

అయినా
ఉడుము తోక తిప్పినప్పుడు ముందు వరస వంగింది.
నేనూ వంగినా.
ఫిల్ము తెగి తెర తెల్లగయినప్పుడు
ఆ తెల్లదాంట్లో కూడా కొట్టుకుంటానే ఉన్నాయి మాకు.
రేకు మీద రంపం గీసినట్లుండే ఆ అరుపు
రెండు వారాలు మా సందులో పిల్లోళ్ల గొంతుల్లో బతికింది.

ఒక తావున ఎలుగు బండరాయి ఎత్తింది.
కింద ఉడుము.
వెయ్యలేదు. అట్లనే నిలబడింది.
కథలో అది జాలి.
నాకు కనపడింది దాని పొట్ట,
లోపలికీ బయటికీ, లోపలికీ బయటికీ,
కొలిమి తిత్తి లెక్క.
లోపలోనికి ఊపిరాడటం లేదు.
పక్కకు తిరిగి మద్దిలేటిని చూసినా.
వాడు సోడా గుటక మింగకుండా నోట్లోనే పెట్టుకోనుండాడు.

మూడేండ్ల కింద పీర్ల పండగకు
వానికి ఎలుగు వేషం కుట్టింది నేనే.
గోనెపట్ట, మిల్లు చెత్తపత్తి, నల్లరంగు.
జిప్పుకు దుడ్లు లేక వెనక పద్దెనిమిది గుండీలు పెట్టినా.
గుండం ముందర ఎగిరి ఎగిరి పడిపోయినాడు.
అది కూడా ఆటేననుకొని జనం చప్పట్లు కొట్టినారు.
గుండీలు రంగుకు బిగుసుకోని రాకుంటే
కత్తెరతో మెడ నుంచి నడుం దాకా కోసినా.
ఆవిరి లేసింది, ఇడ్లీపాత్ర మూత తీసినట్ల.
బయటికొచ్చిన తలకాయ మొదట అడిగిన మాట:
"పిల్లోళ్లు జడుసుకున్యారా?"

సినిమాలో ఎవరూ గెలవలేదు.
దుమ్ము లేసింది, ఆ దుమ్ములో రెండూ చెరో దిక్కుకు పోయినాయి.
మల్ల రెండింటి పేరు మీదా టికెట్లు అమ్మాల గదా.
సోడాల లెక్క తేలలేదు, ఇప్పటికీ తేలలేదు.
సైకిళ్ల స్టాండు కాడ అడిగినా,
"జిప్పు కనపడిందిరా, చూస్తివా?"
మద్దిలేటి తాళం తీస్తా
రొంతసేపు ఏమనలేదు.
"అదృష్టమంతుడు," అన్నాడు,
"ఒక్క లాగు లాగితే బయటికొచ్చేస్తాడు."