పార్టు నంబరు లేదు

రాప్తాడు దాటాక, వేరుశనగ చేలు చదును చేసిన చోట
మా షెడ్డు. లోపల ఇరవై రెండు డిగ్రీలు.
బయట ఏప్రిల్.

ధర్మవరం నుంచి లారీ మీద తాళ్లు కట్టి తెచ్చారు
డెబ్బై తొమ్మిది నాటి పద్మినిని.
మీగడ రంగు. తలుపుల అడుగున తుప్పు.
వెనక రెండు చిన్న రెక్కలు,
కోడికి ఉన్నట్టు, ఉన్నాయంటే ఉన్నాయి.

పోటీ కంపెనీ బండి. ఆ మోడల్ చేసేవాళ్లే ఇప్పుడు లేరు.
"లేకపోతేనేం, వాళ్లెలా ఆలోచించారో చూద్దాం.
విప్పండి" అన్నారు వరదరాజన్ సారు.

ముందు తలుపు.
మా బండి తలుపు చప్పుడు కోసం
రెండేళ్లు మైకులు పెట్టుకుని కూర్చున్నాం.
ఇది బీరువా తలుపులా పడింది.
నివేదికకు ఒక్కసారి చాలు.
నేను వేశాను, నఫీసా వేసింది,
సారు కూడా, ఎవరూ చూడట్లేదనుకుని, ఇంకోసారి.

తర్వాత మూడు రోజులు
బోల్టు విప్పడం, తూచడం, ఫోటో తీయడం,
నీలం ట్రేలో పెట్టి నంబరు అంటించడం.
స్టీరింగు పక్క గేరు కాడకి ఎంత లూజుందో కొలవబోతే
మా స్కేలు చాల్లేదు.
వెనక సీటు కింద ఒక పట్టుగూడు దొరికింది.
ట్రే ఆరువందల పదకొండు. విజాతి పదార్థం.
సున్నా పాయింటు ఆరు గ్రాములు.

ఇంజను కింద రబ్బరు దిమ్మలు సారుకి తెగ నచ్చాయి.
పొరలు పొరలుగా, మధ్యలో నూలు దారం.
"ఆ రోజుల్లోనే ఇంత ఆలోచన!" అంటూ
పదిహేనో పేజీ అంతా వాటికే రాయించారు.

పెట్రోలు ట్యాంకు దగ్గర ఆగిపోయాం.
అడుగున బొటనవేలంత మేర
పసుపుపచ్చగా ఏదో గడ్డకట్టి ఉంది.
రెసిన్ కాదు, పుట్టీ కాదు.
బండి అమ్మినాయనకి ఫోను చేస్తే
"నాకేం తెలుసు, మద్దిలేటినడగండి" అన్నాడు.

పదకొండున్నర బస్సుకొచ్చాడు మద్దిలేటి.
చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.
"సబ్బు" అన్నాడు, వంగైనా చూడకుండా.
"బట్టల సబ్బు సామీ. సీట్లు పీకి పట్టుగూళ్లు నింపుకోని
హిందూపురం పోతాంటిమి. సోమందేపల్లి కాడ రాయి తగిలె.
పొద్దెక్కితే రేటు పడిపోతాది గదా, రుద్దినా.
మల్లా సరిగ్గా జేద్దామనుకుంటి.
అది కారల్యా. నేనూ ముట్టుకోల్యా."
ఎన్నేళ్లయిందని అడిగాను.
"ఆ యేడు పుట్టిన మా చిన్నోడు లారీ తోల్తాండాడు."

ట్రేల వెంట నడిచాడు, చేతులు వెనక్కి కట్టుకుని.
"ఇది బండిది గాదు, బోరు మోటరుది.
ఇది ట్రాక్టరుది. ఇదా, మగ్గంది.
ఇవి టైరు ముక్కలు, చెప్పులు గోసే టైరు.
కంపెనీ రబ్బరు ఎప్పుడో పాయ."

సారు పదిహేనో పేజీ మూశారు.
గుమ్మం వైపు చూశారు. అవే చెప్పులు.

తయారీదారు గడిలో కంపెనీ పేరు కొట్టేసి నేను రాశాను:
పి. మద్దిలేటి, రైలుగేటు పక్కన, ధర్మవరం.
చీవాట్లు తప్పవనుకున్నా.
కళ్లజోడు నుదుటికి నెట్టి చదివి
"ఇంటిపేరు పూర్తిగా రాయాలి" అన్నారు.

"మల్లా బిగిస్తారా?" అన్నాడు మద్దిలేటి.
ఏసీ చప్పుడు వినబడింది.
నఫీసా పట్టుగూడు తెచ్చి అతని అరచేతిలో పెట్టింది.
చెవి దగ్గర ఆడించి చూసి
"పురుగు లోపల్నే ఉండాది" అని తిరిగిచ్చేశాడు.

రానుపోను ఛార్జీ మాత్రం తీసుకున్నాడు.
గేటు దగ్గర సెక్యూరిటీ సంచి తెరిపిస్తే
ఒక పది పన్నెండు స్పానరు,
కాగితంలో చుట్టిన సబ్బు ముక్క.
చేతులు కడుక్కోడానికంట.