షరా

స్కానర్ గాజు తుడిచి కూర్చున్నాను.
ఆర్డెన్ కొండల్లో నవంబరు, మూడింటికే దీపాలు.
ఒక్క గడ్డిజాతికి నూట పన్నెండు షీట్లు.
ఇరవై ఆరు నా వంతు, తక్కినవి గిస్లెన్‌వి.
ఆమెకు దగ్గు. పురుగు పట్టకుండా పూర్వం పూసిన
పాదరసం వల్లే అంటుంది.
కిటికీలో ఆమె కుండీ. మూడు వారాలుగా
మట్టి తప్ప అందులో ఏమీ లేదు.

స్పెల్ట్ గోధుమ చేలో తప్ప ఎక్కడా బతకలేదీ గడ్డి.
గింజ గోధుమ గింజంత. రాలదు.
తనను తాను చల్లుకోవడం ఎప్పుడో మర్చిపోయింది.
కోసినవాడి వెంట కళ్లానికి, కళ్లం నుంచి గాదెకి,
మళ్లీ ఏడు వాడి గుప్పిట్లోనే చేనుకి.
దొంగ అనాలో, చుట్టం అనాలో.

1843. చేలన్నిటా. విస్తారం.
1871. విస్తారం.
కింద ఎవరో పెన్సిలుతో: మరీ అంత కాదు.
1898. ఊర్త్ ఏటి ఒడ్డున రెండు చేలు.
1917. తేదీ ఉంది, ఊరు లేదు.
కాగితం దొరక్క
రేషను రసీదు వెనక అంటించారు.
కంకి సగమే ఉంది.
మిగతా సగం ఏ గుర్రం తిన్నదో.

1926 దగ్గర నా చేయి ఆగింది.
సేకరణ: జెలీ కోలిన్యోఁ, బడిపంతులమ్మ.
గుండ్రటి అక్షరాలు, పిల్లలకు దిద్దించే అక్షరాలు.
"వాతలే గారి చేను. ఒకే మొక్క.
యజమాని అనుమతితో.
అడిగితే రైతు నవ్వాడు."

మా ఇంటిపేరు వాతలే.

ముత్తాత ఫ్లోరిబెర్ ఫోటో ఒకటుంది మా ఇంట్లో.
విత్తనాలు జల్లించే యంత్రం పక్కన,
ఆదివారం టోపీ పెట్టుకుని,
కొడుకు పుట్టినవాడిలా.
ఆ ఏటి నుంచి రొట్టెలో చేదు పోయిందట.
కలుపు లేని చేను ఆయన పరువు.
ఆయన్ని ఏమనను?
గడ్డి బతకాలని పిల్లల్ని పస్తులుంచేవాడు ఎవడు?

అయినా ఆ నవ్వు ఎలాంటిదో తెలుసుకోవాలనుంది.
సైకిలు దిగి, దుమ్ము పావడాతో,
"మీ చేలో కలుపు ఒకటి కావాలండీ" అన్న ఆమెను చూసి
వెటకారమా,
లేక ఇంత చిన్నది అడిగినందుకు
ఉన్నట్టుండి వచ్చిన సంతోషమా.
ఆయనే పీకి ఇచ్చాడో, ఆమే వంగిందో
రాయలేదు.
వేళ్లకు మట్టి అలాగే ఉంది, అర చెంచాడు.
వంశంలో మాకు మిగిలిన పొలం అదే.
తక్కినదాంట్లో ఇప్పుడొక డచ్ కంపెనీ
క్రిస్మస్ చెట్లు పెంచుతోంది.

కంప్యూటరులో గళ్లు ఉన్నాయి:
జాతి. తేదీ. అక్షాంశం. సేకరించినవారు.
నవ్వుకి గడి లేదు.
"వదిలెయ్, ఎవరు చదువుతారు" అంది గిస్లెన్.
చివర ఇరుకుగా షరా అని ఒకటుంది.
నలభై అక్షరాలకు మించి పట్టదు.
రైతు నవ్వాడు.
ఇంకా బోలెడు చోటు మిగిలింది.

షీటు మూలన చిన్న కవరు, మడత మీద పంతులమ్మ లెక్క:
రాలిన గింజలు తొమ్మిది.
తెల్ల కాగితం మీద వంచి లెక్కపెట్టాను.
ఎనిమిది.
బల్ల కింద వెతికాను, చొక్కా మడతల్లో వెతికాను.
మళ్లీ లెక్కపెట్టాను.
తల తిప్పితే గిస్లెన్
కుండీకి నీళ్లు పోస్తోంది, వీపు నా వైపు పెట్టి.
భుజాలు కదులుతున్నాయి.
దగ్గే అనుకున్నాను.