ఏడో బుట్ట

ఓడలరేవు దాటితే సరుగుడు తోట.
ఏసురత్నం మానులకి
రొయ్యల మేత బుట్టలు తొమ్మిది కట్టాడు.
డిస్కు విసరాలి, బుట్టలో పడాలి, అంతే ఆట.

అంతేనా! మధ్యలో చెట్లున్నాయిగా.
టక్. రాలిన సూదాకుల్లో వెతుకుతుంటే
చెయ్యి పీత బొరియలోకి దిగింది.
"మణికట్టు బిగించకు వేణీ,
ఎంగిలి విస్తరి విసిరినట్టు వదిలెయ్" అంటాడు,
తనది మాత్రం మురుగుకాలవ పాలు.

ఏడో బుట్టకి దారి
రెండు మానుల మధ్య మూరెడు సందు.
నెల్లాళ్ళుగా తగిలి తగిలి
ఎడమదాని బెరడంతా నారింజ చారలు.

ఇవాళ ఆ రెంటి మీదా సున్నంతో అంకెలు:
నలభై ఒకటి, నలభై రెండు.
కాగితం మిల్లు లారీ మంగళవారమట.

విసిరాను. సందులోంచి దూసుకెళ్ళి
బుట్టలో కూచుంది, మొదటిసారి.
ఏసురత్నం చప్పట్లు కొట్టలేదు.
"ఇంకోటి వెయ్యి" అన్నాడు.
వేశాను.
టక్.
నలభై ఒకటి.